పాతబండితో పట్నయాత్ర

దూరపు ఊరికి పోదలచినవారికి రైలు ఉన్నది, బస్సు ఉన్నది. ఆ రెంటిలో ఏది చెడినా దానిని బాగుచేయించే చింత ప్రయాణికునిది కాదు. సొంతబండిలో బయలుదేరినవానికి ఆ సౌకర్యం లేదు. బండి బాగున్నంతసేపు అతడు దానికి యజమాని. అది ఆగిన మరుక్షణం నుండి దానికి సేవకుడు. ఇక ఆ బండి పదహారేండ్లు పనిచేసి, ఎప్పుడు కదులుతుందో ఎప్పుడు నిలుస్తుందో చెప్పలేని వ్యాను అయినప్పుడు, దానిలో ఒక మహానగరాన్ని చూడబోవటం సాహసమా, అవివేకమా అన్న ప్రశ్న పుడుతుంది. సాహసమే కావచ్చు, అవివేకం కానక్కరలేదు. అయితే రెండు సంగతులు తెలిసి ఉండవలె. నడిచే బండి నగరంలో ఎందుకు నిలిచిపోతుందో తెలియవలె. నిలిచిన బండిని వదలి నగరాన్ని ఎట్లు చూడవచ్చునో తెలియవలె. ఈ రెండు సంగతులనూ మేము ఒకే దినాన, చెన్నపట్నం పొలిమేరలో, ఏప్రిల్ ఎండలో నేర్చుకొన్నాము.

మా ప్రయాణానికి కారణం మా తల్లిగారు. ఆమెకు ఎనభై ఏండ్లు దాటినవి. ఆమె పుట్టినది, పదకొండవ ఏటివరకు పెరిగినది చెన్నపట్నంలోని మైలాపూరులో. మా తాతగారు అక్కడ ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు ఆయన కార్యాలయంతోపాటు కుటుంబమూ తరలిపోయినది. ఆనాటినుండి ఆమె తిరిగి ఆ వీధిని చూడలేదు. "ఒక్కసారి ఆ కాలువగట్టు చూచివస్తే చాలు" అన్న మాట ఇంటిలో ఎన్నో ఏండ్లుగా వింటూనే ఉన్నాము. రైలులో గుంపును ఆమె తట్టుకోలేరని తలచి, మా బావగారి పాత డీజిలు వ్యానులో మెత్తలు పరచి, ఆమెను కూర్చుండబెట్టి బయలుదేరినాము. ఆమె సుఖం కోసమే బండిని ఎన్నుకొన్నాము. ఆ ఎన్నికలోనే పొరపాటు ఉన్నదని అప్పుడు తెలియలేదు.

నెల్లూరు నుండి చెన్నపట్నం సుమారు 175 కిలోమీటర్లు. ఒకప్పుడు 5వ నెంబరు జాతీయరహదారి అనిపించుకొన్న ఆ మార్గం 2010లో సంఖ్యలు మార్చినప్పటి నుండి 16వ నెంబరు అయినది. కలకత్తా నుండి తీరం వెంబడి మన కోస్తా జిల్లాలన్నిటినీ కలుపుకొంటూ చెన్నపట్నం చేరే బాట అది. తెల్లవారుజామున నాలుగింటికి కదలవలసినవారము, బ్యాటరీ మొరాయించటం చేత ఎనిమిదింటికి కదలినాము. నలుగురు నెట్టగా ఇంజను మేలుకొన్నది. నాయుడుపేట దాటినాము, శ్రీహరికోటకు దారి చీలే సూళ్లూరుపేట దాటినాము, తడ దాటి తమిళదేశంలో ప్రవేశించినాము. బండి గుర్రంవలె పరుగెత్తినది. "చూచినారా, పాతబండి అని ఎగతాళి చేసినారు" అని బావగారు మీసం దువ్వినారు.

పుళల్ చెరువు దగ్గరకు వచ్చేసరికి వాహనాలు చిక్కబడినవి. పది గజాలు కదలటం, ఆగటం. మళ్లీ కదలటం, ఆగటం. ఇంజను వేడిని చూపే ముల్లు మెల్లగా పైకి లేవసాగినది. అంతదూరం పరుగులో లేవని ముల్లు, నిలిచి ఉండగా లేవటం చూచి మేము ఆశ్చర్యపడినాము. మూలక్కడై కూడలి చేరేసరికి ముందుభాగం నుండి ఆవిరి వచ్చినది. అప్పటికి పదకొండున్నర. బండిని పక్కకు నెట్టి, మా తల్లిగారిని ఒక టీకొట్టు పందిరికింద కూర్చుండబెట్టినాము.

పరుగులో చల్లగా ఉన్న ఇంజను నిలకడలో ఎందుకు కాగినది? ఇంజనులో మండే ఇంధనంలో కొంతభాగమే చక్రాలను తిప్పే శక్తిగా మారుతుంది. మిగిలినది వేడిగా పోవలె. కొంత పొగగొట్టం గుండా పోతుంది. ఇంజను గోడలలో నిలిచే వేడిని నీరు గ్రహించి, బండి ముందున్న రేడియేటరులోకి తెస్తుంది. రేడియేటరు అంటే సన్నని గొట్టాల జాలకం. వాటి మీదుగా గాలి వీచినప్పుడు నీరు చల్లబడి మళ్లీ ఇంజనులోకి పోతుంది. రహదారిమీద బండి వేగమే గాలిని తెచ్చి రేడియేటరును కొడుతుంది. నగరపు కూడలిలో బండి నిలిచినప్పుడు ఆ గాలి లేదు. అప్పుడు వెనుకనున్న ఫ్యాను ఒక్కటే దిక్కు. పాతబండ్లలో ఆ ఫ్యానును తిప్పేది ఇంజనే, ఒక రబ్బరు బెల్టుతో. ఇంజను మెల్లగా తిరిగితే ఫ్యానూ మెల్లగానే తిరుగుతుంది; బెల్టు వదులైతే అసలు జారుతుంది. గాలి ఎక్కువ కావలసిన చోటనే గాలి తక్కువ. కనుక పాతబండికి నిజమైన పరీక్ష రహదారి కాదు, నగరం.

మాకు తోడ్పడినది ఆ కూడలి సమీపాన చిన్న షెడ్డు పెట్టుకొన్న ఒక మేస్త్రీ. బావగారు గుడ్డ చుట్టుకొని రేడియేటరు మూత తిప్పబోగా, ఆయన దూరంనుండే కేకవేసి చేయి పట్టుకొని ఆపినాడు. ఆ కేక ఒక్క క్షణం ఆలస్యమై ఉంటే బావగారి ముఖం కాలి ఉండేది. దానికి కారణం ఇది. నీరు తెరచిన పాత్రలో నూరు డిగ్రీల వద్ద మరుగుతుంది. రేడియేటరు మూత బిగుతుగా ఉండి లోపల ఒత్తిడిని పెంచుతుంది కనుక, అక్కడి నీరు నూరు డిగ్రీలు దాటినా మరగక ఉంటుంది. మూత తీసిన క్షణంలో ఒత్తిడి పడిపోతుంది; ఆ నీరు ఒక్కసారిగా మరిగి ఆవిరితో పైకి చిమ్ముతుంది. కనుక కాగిన ఇంజను ముట్టుకొంటే కాలనంతగా చల్లారేవరకు, కనీసం అరగంటసేపు, మూత జోలికి పోరాదు. కాగి ఉన్న ఇంజనులో చన్నీరు పోయటం కూడ ప్రమాదమే. లోహం ఒక్కసారిగా ముడుచుకొని పగలవచ్చు.

చల్లారిన తరువాత మేస్త్రీ మూత తీసి లోపలికి దీపం వేసి చూపినాడు. గొట్టాల మొగాలలో తెల్లని పేట్టు కట్టి ఉన్నది. "బోరునీళ్లు పోసినారు గదా సార్! లోపల సున్నం పట్టింది. దీనిని కడిగితే పోదు, మార్చవలసిందే. రెండు రోజులు" అన్నాడు. ఆయన చెప్పినది అక్షరాలా నిజం. బోరునీటిలో కరిగిన లవణాలు వేడికి విడివడి, వంటపాత్ర అడుగున గారవలె గొట్టాలలో పేరుకొంటవి. ఆ పొర వేడిని బయటికి పోనీయదు, నీటిని పారనీయదు. రహదారి గాలిలో ఆ లోపం దాగి ఉన్నది, కూడలిలో బయటపడినది. రేడియేటరులో శుద్ధమైన నీరు, దానితో కలిపే ద్రావకం పోసి, నిర్ణీతకాలానికి మార్చి ఉంటే ఈ అవస్థ లేకపోయేది.

ఈ విచారణలో మేము మునిగి ఉండగా మా మేనకోడలు పరుగున వచ్చి "అమ్మమ్మ చెమట పట్టటంలేదు, మాట తడబడుతున్నది" అన్నది. ఒక్కసారిగా గుండె జారినది. వయసు మళ్లినవారికి దాహం అంతగా తెలియదు. శరీరం వేడిని వదలించుకొనే శక్తి తగ్గి ఉంటుంది. ఎండలో చెమట ఆగటం, మాట తడబడటం వడదెబ్బకు గురుతులు. వెంటనే ఆమెను పక్కనే ఉన్న ఒక దుకాణంలోకి ఎత్తుకొనిపోయి, ఫ్యాను కింద పడుకోబెట్టి, మెడమీద, చంకలలో తడిగుడ్డలు వేసినాము. దుకాణదారు తెలిపిన డాక్టరు నాలుగడుగుల దూరంలోనే ఉన్నందున వెంటనే వచ్చి పరీక్షించి, వేళకు గుర్తించినందున ముప్పు తప్పినదన్నాడు. తెలివి పూర్తిగా కుదిరిన తరువాతనే గుక్కెడు గుక్కెడుగా నీరు పట్టించినాము. బండిని ఎట్లు కదిలించటమా అని నేను, బావగారు గంటసేపు తర్కించిన తర్కమంతా ఆ క్షణంలో వ్యర్థమైనది.

తేరుకొన్న తరువాత ఆమె అన్న మొదటిమాట నాకు జీవితాంతం జ్ఞాపకముంటుంది. "నాయనా, మనము బండి చూడటానికి వచ్చినామా, పట్నం చూడటానికి వచ్చినామా?" బండిని మేస్త్రీకి అప్పగించి, ఆటోలో ఎగ్మూరు చేరి, ఒక సత్రంలో దిగినాము. మరునాటి సాయంకాలం వరకు ఆమెను కదలనీయలేదు.

ఇక్కడ మరికొన్ని మాటలు బండిని గురించి చెప్పవలె. నగరంలో పాతబండికి వచ్చే చిక్కు వేడి ఒక్కటే కాదు. క్లచ్చి మీద సగం కాలు మోపి అంగుళం అంగుళం జరపటం చేత దాని పలకలు రాచుకొని అరుగుతవి. కాలిన వాసన వస్తే అది దాని మొర. బ్యాటరీకి శక్తి నింపే యంత్రం ఇంజను వేగాన్ని బట్టి పనిచేస్తుంది కనుక, రాత్రివేళ దీపాలు, ఫ్యాన్లు వేసుకొని కూడళ్లలో నిలుస్తూ పోతే ఆదాయం తక్కువ, వ్యయం ఎక్కువ. ముదిరిన బ్యాటరీ మరునాడు ఉదయం దివాలా తీస్తుంది. అన్నిటికంటె ముఖ్యమైనది బ్రేకు. అనేక వాహనాలలో కాలి బలానికి తోడు ఇంజను కల్పించే వాయుశూన్యం బ్రేకుకు బలమిస్తుంది. కదలిక మధ్యలో ఇంజను ఆగిపోతే ఒకటి రెండు తొక్కుళ్లకు మాత్రమే ఆ బలం మిగులుతుంది. తరువాత తొక్కుడు రాయివలె గట్టిపడుతుంది. బ్రేకు పోయినదని భయపడరాదు. పూర్తి బలంతో తొక్కి, చేతిబ్రేకును మెల్లగా లాగి బండిని నిలపవలె.

వానకాలపు ప్రమాదం వేరు. చెన్నపట్నానికి ప్రధానమైన వర్షం అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్యపు గాలులతో వస్తుంది. 2015 డిసెంబరులో వచ్చిన వరద నగరాన్ని ముంచినది. 2023 డిసెంబరులో మిగ్జాం తుపాను చెన్నపట్నాన్ని నీటిలో నిలిపి, 5వ తేదీన మన బాపట్ల దగ్గర తీరం దాటినది. అట్టి వేళ రైలుకట్టల కింది దారులలో నీరు నిలుస్తుంది. ఆ నీటిలో ఇంజను ఆగితే మళ్లీ తిప్పరాదు. గాలి ఒత్తితే కుదించుకొంటుంది, నీరు కుదించుకోదు. సిలిండరులో చేరిన నీటిని ఒత్తబోయి లోపలి కడ్డీలు వంగిపోతవి. వందలతో పోయేది వేలతో పోతుంది.

ఇంతకూ మహానగరాన్ని బండిలో చూడటమనేదే ఒక భ్రమ. బండిలో కూర్చున్నవాని చూపు ముందున్న బండి వెనుకభాగం మీదనే ఉంటుంది. చెన్నపట్నానికి ఉత్తరాన నగరం నుండి సుమారు 45 కిలోమీటర్ల దూరంలో, రహదారి మీదనే ఉన్న గుమ్మిడిపూండి నుండి సబర్బన్ విద్యుత్ రైళ్లు సెంట్రల్ స్టేషనుకు నడుస్తున్నవి. నగరంలో 2015 నుండి మెట్రోరైలు ఉన్నది. మన వైపునుండి పోయేవారు బండిని గుమ్మిడిపూండిలోనే నమ్మకమైన చోట నిలిపి, గుంపులేని మధ్యాహ్నవేళ రైలెక్కటం తెలివైన పని. రైలు గుంపుకు జడిసి పెద్దవారిని ఎండలో కూర్చుండబెట్టిన మేము ఈ మాట అనుభవంతో చెపుతున్నాము.

మా తల్లిగారు విశ్రాంతి తీసుకొనే దినాన నేను బండి పనిమీద తిరిగినాను. ఆ నమూనా రేడియేటరు కొత్తది దొరకటంలేదు. పాతదే వెదకవలెనని మేస్త్రీ నన్ను పుదుప్పేటకు పంపినాడు. ఎగ్మూరు సమీపంలో, కూవం నది పక్కనున్న ఆ పేట ఆయువు తీరిన వాహనాలకు చివరి మజిలీ. వాటిని విప్పి, తలుపులు ఒకచోట, ఇంజనులు ఒకచోట, దీపాలు ఒకచోట కుప్పలుపోసి అమ్ముతారు. మనకు చెత్తగా కనిపించే ఆ కుప్పలో ఏ భాగం ఏ బండికి, ఏ సంవత్సరపు బండికి సరిపోతుందో అక్కడి పనివారికి కంఠస్థం. అరగంటలో మాకు కావలసినది దొరికినది. నీటిలో ముంచి, ఒక మొగాన గాలి ఒత్తి, బుడగ రాలేదని చూపించిన తరువాతనే సొమ్ము తీసుకొన్నారు. పాత వస్తువు కొనేవారు ఈ పరీక్ష చేయించక కొనరాదు.

అక్కడినుండి పాంథియన్ రోడ్డులోని ప్రభుత్వ మ్యూజియం దగ్గరే. 1851లో స్థాపించిన ఆ సంస్థలో మన అమరావతి స్తూపపు శిల్పఫలకాలు ఉన్నవి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి చెన్నపట్నానికి చేర్చిన రాళ్లలో పెక్కు 1859లో లండను పోయినవి. ఇక్కడ మిగిలిన వాటికి తరువాత దొరికినవి చేరినవి. బండి చెడకపోయి ఉంటే ఆ రెండు వీధులకూ నేను పోయి ఉండను. చేతులకు నూనె మరకలతో కృష్ణాతీరపు సున్నపురాతి పద్మాలముందు నిలిచినప్పుడు, ఈ పట్నంలో తెలుగువాని పాలు ఎంతటిదో తలపునకు వచ్చినది. 1639లో ఈస్టిండియా కంపెనీవారికి ఈ తీరంలో కోట కట్టుకొనుటకు చోటిచ్చినది దామెర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరనే ఇది చెన్నపట్నమైనదని చెపుతారు.

మూడవ దినాన, ఎండ ఎక్కకమునుపే, మా తల్లిగారిని తీసుకొని చింతాద్రిపేటలో రైలెక్కినాము. 1734లో నేతగాండ్రకోసం కట్టిన పేట అది. చిన్న మగ్గాల పేట అని ఆ పేరుకు అర్థం చెపుతారు. అక్కడినుండి మైలాపూరువైపు పోయే మార్గం నేలమీద కాక స్తంభాలమీద పోతుంది. ఆ స్తంభాలు నిలిచినది బకింగ్‌హాం కాలువ వెంబడి. ఇది 1995లో చేపాక్కం వరకు, 1997లో తిరుమయిలై వరకు నడిచినది. మా తల్లిగారు కిటికీలోనుండి కిందికి చూచి "ఇది మా కాలువేనా?" అన్నారు.

అవును, అదే. ఆంధ్రదేశంలోని పెదగంజాం నుండి తమిళదేశంలోని మరక్కాణం వరకు తీరం వెంబడి సాగిన ఈ కాలువలో, నగరం మధ్యనున్న సుమారు 8 కిలోమీటర్ల భాగాన్ని 1877–78 కరవులో, కూలి లేని పేదలకు పని కల్పించుటకై తవ్వించినారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు దానికి పెట్టినారు. మన డెల్టా బియ్యం, కట్టెలు పడవలమీద ఈ నీటిదారినే పట్నానికి చేరేవి. గట్టుమీద నడుస్తూ పడవను తాటితో లాగేవారిని తాను చిన్ననాడు చూచినానని, వారు తెలుగులో పిలుచుకొంటుంటే కేకవేసి పలుకరించేవారమని మా తల్లిగారు చెప్పినారు. ఇప్పుడు అక్కడ పడవలు లేవు. నల్లని మురుగునీరు, దానిలో స్తంభాలు మాత్రమే ఉన్నవి. ఆమె కొంతసేపు మాటలాడలేదు. తరువాత "పడవ కూడ ఇక్కడిక్కడే చిక్కుకొనేది. లాగేవారు దిగి నెట్టేవారు. మీ బండి కొత్తగా చేసినదేమీ లేదు" అని నవ్వినారు.

తిరుమయిలైలో దిగి ఆటోలో ఆమె చెప్పిన గుర్తులను బట్టి పోయినాము. ఇల్లు లేదు; ఆ చోట అంతస్తుల మేడ ఉన్నది. వీధి పేరూ మారినది. కాని కపాలీశ్వరాలయపు కోనేరు ఉన్నది, దాని మెట్లు ఉన్నవి. ఆమె ఒక మెట్టుమీద కూర్చుండి, ఏ మూలనుండి తమ ఇంటికి సందు తిరిగేదో మేనకోడలికి చూపినారు. తిరుగుదారిలో రాయపేట హైరోడ్డు మీదనున్న పొట్టి శ్రీరాములుగారి స్మారకభవనం ముందు ఆగినాము. 1952లో 58 దినాలు నిరాహారులై, డిసెంబరు 15 రాత్రి ఆయన అమరులైనది ఆ చోటనే. ఆ మరునాటి సందడి, పెద్దలు తమను ఇంటినుండి బయటికి పోనీయకపోవటం ఆమెకు జ్ఞాపకం. తనను ఈ పట్నం నుండి తరలించిన చరిత్రకు మొదలు అక్కడ ఉన్నదని ఆమె మెల్లగా అన్నారు.

ఆ సాయంకాలానికి బండి సిద్ధమైనది. మరునాడు తెల్లవారుజామున, వీధులు ఖాళీగా ఉన్నప్పుడు, మూలక్కడై నుండి కదిలి ఏడింటికి తడ దాటినాము. ముల్లు మధ్యగీతను దాటలేదు.

పాతబండితో పట్నయాత్ర చేయదలచినవారికి మా అనుభవసారం ఇది. బయలుదేరకముందు రేడియేటరు, ఫ్యానుబెల్టు, బ్యాటరీ, బ్రేకు ఒక తెలిసినవానికి చూపండి. నగరంలోకి తెల్లవారుజామున ప్రవేశించండి. వృద్ధులు, పసివారు ఉన్న బండి ఆగితే మొదట వారిని నీడకు చేర్చండి. బండి సంగతి తరువాత. అన్నిటికంటె ముఖ్యం, యాత్ర ఉద్దేశాన్ని బండికి కట్టివేయకండి. బండి వచ్చితే రానీయండి, లేకున్న రైలున్నది, ఆటో ఉన్నది, కాళ్లున్నవి. మా తల్లిగారు చూడదలచిన కాలువగట్టును ఆమెకు చూపినది మా వ్యాను కాదు. దానిని దారిలో వదలివేయుటకు ఒప్పుకొన్నందువలననే మేము పట్నం చేరగలిగినాము.